గాలిలో మాట ఎవరు వినొచ్చు? రేడియో సంకేతాలు, చట్టం, మన హక్కు

కిందటేడాది ఒక న్యాయ శిక్షణా శిబిరంలో ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న నుంచి ఈ వ్యాసం పుట్టింది. దళితవాడ మీద దాడి జరిగిన రెండు రోజులకు వాళ్ల నిజనిర్ధారణ బృందం ఆ ఊరికి వెళ్లింది. టీకొట్టు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ వైర్‌లెస్ సెట్టులోంచి పై అధికారి గొంతు గట్టిగా వినిపించింది. బయటివాళ్లని వాడలోకి పోనివ్వొద్దన్న ఆదేశం అది. "మేం విన్నది రిపోర్టులో రాయొచ్చా? నేరమవుతుందా?" అని ఆ అమ్మాయి అడిగింది. పక్కనున్న తమ్ముడు ఇంకో అడుగు ముందుకేశాడు. "ఆన్‌లైన్‌లో చిన్న రిసీవర్ దొరుకుతోంది అక్కా. లాప్‌టాప్‌కి తగిలిస్తే పోలీసుల మాటలన్నీ వినొచ్చంట. కొనేద్దామా?" అన్నాడు.

ఆ రోజు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఇద్దరి ప్రశ్నలూ ఒకటే అనిపించాయి. తర్వాత చట్టాలు చదివితే తెలిసింది, రెండూ వేర్వేరని. మొదటి అమ్మాయి చేసినదానికీ, రెండో తమ్ముడు చేద్దామన్నదానికీ మధ్య మూడేళ్ల జైలు శిక్ష పడే గీత ఒకటుంది. ఆ గీత ఎక్కడుందో కార్యకర్తలూ విద్యార్థులూ తెలుసుకోవాలి. అది అక్కడికి ఎలా వచ్చిందో కూడా తెలుసుకోవాలి.

మూడు పనులు, మూడు ప్రశ్నలు

"రేడియో వినడం" అని మనం ఒక్క మాటలో అనేదాన్ని చట్టం మూడు పనులుగా విడదీస్తుంది.

ఒకటి, పరికరం దగ్గర ఉంచుకోవడం. రెండు, దానితో ఒక సంకేతాన్ని అందుకుని వినడం. మూడు, విన్నదాన్ని ఇంకొకరికి చెప్పడం, రాయడం, రికార్డు చేసి బయటపెట్టడం. ఒకదానికి అనుమతి ఉన్నంత మాత్రాన మిగతా రెండిటికీ ఉన్నట్టు కాదు.

ఇంకో తేడా కూడా ఉంది. కొన్ని సంకేతాలు అందరి కోసం పంపినవి. ఆకాశవాణి, ఎఫ్‌ఎం స్టేషన్లు, కమ్యూనిటీ రేడియోలు ఈ రకం. కొన్ని ఫలానా మనిషికి, ఫలానా సంస్థకు మాత్రమే పంపినవి. పోలీసు వైర్‌లెస్, కంపెనీల వాకీటాకీలు, సెల్‌ఫోన్ సంభాషణ ఈ రకం. రెండో రకాన్నే ఈ వ్యాసంలో ప్రైవేటు సంకేతాలు అంటున్నాను. భౌతికశాస్త్రానికి ఈ తేడా పట్టదు. రెండు తరంగాలూ మన ఇంటి గోడల్లోంచి, మన ఒంట్లోంచి ఒకేలా దూసుకుపోతాయి. తేడా పెట్టింది చట్టం.

ఈ తేడా భారతదేశం ఒక్కటే పెట్టుకున్నది కాదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ రేడియో నియమావళిలో 17వ అధికరణం ఈ సంగతే చెబుతుంది. ప్రజలందరి కోసం ఉద్దేశించని రేడియో సందేశాలను అనుమతి లేకుండా అందుకోవడాన్ని సభ్యదేశాలు నిషేధించాలి. వాటి సారాంశాన్ని బయటపెట్టడాన్నే కాదు, అలాంటి సందేశం ఒకటి ఉందని వెల్లడించడాన్ని కూడా నిషేధించాలి.

చెవికి లైసెన్సు పెట్టిన చట్టం

బ్రిటిష్ ప్రభుత్వం 1885లో తెచ్చిన భారత టెలిగ్రాఫ్ చట్టం నాలుగో సెక్షన్, టెలిగ్రాఫ్ నెలకొల్పి నడిపే హక్కు మొత్తం ప్రభుత్వానిదే అంది. మిగతావాళ్లకు లైసెన్సు కావాలి. అప్పటికి రేడియో లేదు. తర్వాత వైర్‌లెస్ కూడా ఆ నిర్వచనంలోకి వచ్చి చేరింది. పంపడమే కాదు, అందుకోవడం కూడా అందులో భాగమైంది.

అయినా ఒక ఖాళీ మిగిలింది. లైసెన్సు లేకుండా రేడియో సెట్టు నడిపితే నేరం. ఊరికే ఇంట్లో పెట్టుకుంటే కాదు. నడుపుతుండగా పట్టుకోవడం కష్టం. 1927లో మొదలైన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ లైసెన్సు ఫీజుల మీద ఆధారపడి, మూడేళ్లకే మూతపడింది. ప్రసారాల్ని ప్రభుత్వం తన చేతికి తీసుకుంది. ఫీజు కట్టకుండా వినేవాళ్లని పట్టుకోవడానికి 1933లో భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం తెచ్చింది. దాని మూడో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం కలిగి ఉండటమే నేరం. మొదటిసారి దొరికితే వంద రూపాయల దాకా, మళ్లీ దొరికితే 250 రూపాయల దాకా జరిమానా. పరికరం నీ ఆధీనంలో ఉన్న చోట దొరికితే అది నీదేనని కోర్టు భావించొచ్చు. 1949లో చేసిన సవరణ, సంకేతాలు పంపే యంత్రం అయితే మూడేళ్ల దాకా జైలు అంది.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఈ చట్టం కదల్లేదు. 1960లు, 70లలో ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసుకు పోయి ఏడాదికోసారి ఫీజు కట్టి, లైసెన్సు పుస్తకం మీద స్టాంపు వేయించుకోవాలి. పాత ఇళ్లలో ట్రంకుపెట్టెలు తీస్తే ఆ పుస్తకాలు ఇప్పటికీ కనబడతాయి. 1980ల మధ్యలో గానీ ఈ ఫీజు పూర్తిగా పోలేదు. అప్పటికీ ప్రసారాలు వినే సెట్లకు మినహాయింపు ఇచ్చారంతే, చట్టాన్ని తీసేయలేదు. ఆమెచ్యూర్ రేడియోకి 1978లో చేసిన నియమాల్లో షార్ట్‌వేవ్ వినేవాళ్ల కోసం విడిగా ఒక లైసెన్సే ఉండేది. అతను ఒక్క మాట కూడా పంపడు, ఊరికే వింటాడు. దానికీ అనుమతి కావాలి.

వాడకు అందని రేడియో

ఎవరు వినొచ్చు అనే ప్రశ్న మనకు కొత్తది కాదు. వేదం కావాలని విన్న శూద్రుడి చెవుల్లో కరిగించిన తగరం, లక్క పోయాలని గౌతమ ధర్మసూత్రం అంది. అంబేడ్కర్ 'శూద్రులెవరు' గ్రంథంలో ఈ నిబంధనను ఎత్తి చూపించారు. 1933 చట్టాన్ని దానితో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. ఒకటి కులం చూసి వేసిన శిక్ష, ఇంకొకటి ఫీజు వసూలు కోసం తెచ్చిన చట్టం. కానీ ఫీజు చట్టం కులం ఉన్న ఊళ్లోనే అమలైంది.

మా నాయనమ్మ ఒక సంగతి చెప్పేది. పంచాయతీ రేడియో ఊరి నడుమ, రచ్చబండ దగ్గర ఉండేదట. వాడవాళ్లు అరుగు మీద కూర్చునే వీల్లేదు. మైకు గాలి ఎటు వీస్తే అటు, ఎంత వినబడితే అంత. పొలం పనుల కార్యక్రమం దొరలకు, పాటల్లో సగం మాకు అని నవ్వేది. సొంత సెట్టు కొనాలంటే సెట్టు ధర ఒకటి, ప్రతి ఏడూ ఫీజు ఇంకొకటి. కూలి గింజలకు బతికే ఇంట్లో అది కుదిరే పని కాదు.

1954 అక్టోబర్ 3న అంబేడ్కర్ ఆకాశవాణిలో తన జీవిత తాత్వికత గురించి మాట్లాడారు. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అనే మాటల్ని తాను ఫ్రెంచి విప్లవం నుంచి కాదు, బుద్ధుడి నుంచి తీసుకున్నానని చెప్పారు. ఎవరి కోసం ఆయన జీవితమంతా పోరాడారో, వాళ్లలో ఎంతమంది ఇళ్లలో ఆ పూట లైసెన్సు ఉన్న రేడియో ఉండి ఉంటుంది? వినడం మీద పెట్టే ఏ షరతైనా అందరి మీదా సమానంగా పడదు. ఈ వ్యాసం చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

1995: తరంగాలు ప్రజల ఆస్తి

మలుపు ఒక క్రికెట్ మ్యాచ్ వల్ల వచ్చింది. 1993లో హీరో కప్ పోటీల ప్రసార హక్కును బెంగాల్ క్రికెట్ సంఘం ఒక విదేశీ సంస్థకు ఇచ్చింది. ప్రభుత్వం టెలిగ్రాఫ్ చట్టాన్ని చూపించి అడ్డుపడింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. గాలి తరంగాలు ప్రభుత్వ ఆస్తి కాదు, ప్రజల ఆస్తి అని కోర్టు తేల్చింది. సమాచారాన్ని పంచడమే కాదు, అందుకోవడం కూడా రాజ్యాంగం 19(1)(ఎ) ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలో భాగమని చెప్పింది. జస్టిస్ పి.బి. సావంత్ ప్రధాన తీర్పు రాస్తే, మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి విడిగా తన తీర్పు రాశారు.

ఈ తీర్పును చాలామంది "ఇక తరంగాలు మనవే, ఏదైనా వినొచ్చు" అని చదువుతారు. అది పొరపాటు. తరంగాలు ప్రజల ఆస్తి కాబట్టే వాటిని ప్రజల ప్రయోజనం కోసం ఒక వ్యవస్థ నియంత్రించాలని కోర్టు అంది. ప్రజలకు చెందిన తరంగం మీద ప్రయాణించినంత మాత్రాన ఒకరి సొంత మాట అందరి సొత్తు అయిపోదు.

మాచ్‌నూరు ఆడవాళ్లు గెలిచింది

ఆ తీర్పు ఫలితం మన నేలమీదే కనబడింది. మెదక్ జిల్లాలో, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరు అనే ఊరు ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లోని దళిత ఆడవాళ్లు తమ విత్తనాల గురించి, వైద్యం గురించి, పాటల గురించి తమ యాసలో చెప్పుకునే రేడియో కావాలన్నారు. 1990ల చివర్లో యునెస్కో సాయంతో స్టూడియో వచ్చింది. లైసెన్సు రాలేదు. దాదాపు పదేళ్లు వాళ్లు కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు సంఘాలకు మోసుకుపోయి వినిపించారు. గొంతు ఉంది, యంత్రం ఉంది, తరంగం మీద మాత్రం అడుగు పెట్టకూడదు.

కర్నూలు జిల్లా ఓర్వకల్లులో మహిళా పొదుపు సంఘాల 'మన రేడియో' కథ ఇంకా కరుకు. 2002లో చిన్న యంత్రంతో మొదలైన ఆ స్టేషన్‌ను, లైసెన్సు లేదని 2003లో అధికారులు వచ్చి పరికరాలు పట్టుకుపోయి మూయించారు.

2006 చివర్లో కేంద్రం స్వచ్ఛంద సంస్థలకు కూడా కమ్యూనిటీ రేడియో అనుమతులు తెరిచింది. 2008 అక్టోబర్ 15న మాచ్‌నూరులో సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. ప్రారంభించింది ఎవరో కాదు, 1995 తీర్పు రాసిన జస్టిస్ సావంతే. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ స్టేషన్‌ను నడిపించారు. చుట్టుపక్కల ఊళ్లు వినడానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, ఎందుకంటే అది అందరి కోసం పంపిన మాట.

అయినా గీత పూర్తిగా చెరగలేదు. కమ్యూనిటీ రేడియో గానీ ప్రైవేటు ఎఫ్‌ఎం గానీ సొంతంగా వార్తలు సేకరించి చెప్పకూడదు. ఆకాశవాణి బులెటిన్ తెచ్చి వినిపించుకోవచ్చు. వాడ మీద దాడి జరిగితే ఆ వాడలోని రేడియో ఆ వార్త తన గొంతుతో చెప్పలేదు. నిజనిర్ధారణ బృందాలకు పోలీసు వైర్‌లెస్ వినాలన్న ఆశ పుట్టేది ఇలాంటి లోటు నుంచే.

ఇప్పుడు అమల్లో ఉన్నది ఏమిటి

1885, 1933 చట్టాల స్థానంలో పార్లమెంటు టెలికమ్యూనికేషన్ల చట్టం 2023 తెచ్చింది. 2023 డిసెంబర్ 24న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. 2024 జూన్ 26 నుంచి భాగాలుగా అమల్లోకి వస్తోంది. అందుకే పాత నియమాలు, మినహాయింపుల నోటిఫికేషన్లు ఇంకా దీని పక్కనే నిలబడి ఉన్నాయి. మనకు సంబంధించిన అంశాలు నాలుగు.

మొదటిది నిర్వచనం. పంపడమే కాదు, "అందుకోవడం" కూడా టెలికమ్యూనికేషనే. రేడియో తరంగాలతో పనిచేసే, పనిచేయగల ఏ టెలికాం పరికరమైనా రేడియో పరికరమే.

రెండోది కలిగి ఉండటం. రేడియో పరికరం దగ్గర ఉంచుకోవడానికి అనుమతి కావాలని మూడో సెక్షన్ అంటుంది. కేంద్రం కొన్ని రకాలకు మినహాయింపు ఇవ్వొచ్చు. అంటే 1933 నాటి ఆలోచన కొత్త చట్టంలోకి కూడా నడిచి వచ్చింది. మొదట నిషేధం, తర్వాత మినహాయింపు.

మూడోది అక్రమంగా వినడం. పాత టెలిగ్రాఫ్ చట్టంలో 24, 25 సెక్షన్లు సందేశం తెలుసుకోవాలని టెలిగ్రాఫ్ ఆఫీసులోకి చొరబడ్డవాణ్ని, లైనునో యంత్రాన్నో ముట్టి పాడుచేసినవాణ్ని శిక్షించేవి. తీగల కాలం నాటి ఊహ అది. దేన్నీ ముట్టకుండా గాలిలోంచి వినేవాడు దానికి సరిగా చిక్కడు. కొత్త చట్టం 42వ సెక్షన్ ఆ లోటు పూడ్చింది. సందేశాన్ని చట్టవిరుద్ధంగా అడ్డగించి అందుకుంటే మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది.

నాలుగోది రాజ్యానికి ఇచ్చిన వెసులుబాటు. 20వ సెక్షన్ కింద ప్రజా అత్యవసర పరిస్థితి, ప్రజా భద్రత పేరుతో ప్రభుత్వం సందేశాలు వినమని ఆదేశించొచ్చు. పౌరుడు వింటే నేరం, రాజ్యం వింటే విధానం. ఈ అసమానత గురించి కింద మాట్లాడుకుందాం.

ఏది వినొచ్చు, ఏది వద్దు

ఎఫ్‌ఎం, మీడియంవేవ్, షార్ట్‌వేవ్ ప్రసారాలు: నిశ్చింతగా వినొచ్చు. విదేశీ స్టేషన్ అయినా సరే, అది అందరి కోసం పంపిన మాటే. మొత్తం కార్యక్రమాన్ని రికార్డు చేసి తిరిగి ప్రసారం చేస్తే మాత్రం కాపీరైట్ చట్టం అడ్డొస్తుంది.

ఆమెచ్యూర్ రేడియో: హామ్‌లు బహిరంగంగానే మాట్లాడుకుంటారు, రహస్య సంకేతాలు వాడకూడదు. కానీ పరికరానికీ ప్రసారానికీ పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి. తుఫాను వచ్చి సెల్ టవర్లు పడిపోయినప్పుడు కోస్తాలో పనికొచ్చే విద్య ఇది. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆమెచ్యూర్ రేడియో దీనికి శిక్షణ ఇస్తుంది. మన విద్యార్థులు ఇటు చూడాలి.

వాకీటాకీలు: అంబేడ్కర్ జయంతి ఊరేగింపుల్లో, పెద్ద సభల్లో వాలంటీర్లు వాడుతుంటారు. 2018లో ఇచ్చిన మినహాయింపు ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి సెట్లకు లైసెన్సు అక్కర్లేదు. కానీ ఆ మోడల్‌కు ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ ఉండాలి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేవాటిలో చాలావాటికి అది ఉండదు, ఇతర ఫ్రీక్వెన్సీల మీద కూడా పనిచేస్తాయి. ఈ అమ్మకాలను అదుపు చేయడానికి 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ మార్గదర్శకాలే తెచ్చింది. బిల్లు, అప్రూవల్ వివరం లేకుండా సెట్టు కొనొద్దు. ఏజెన్సీ ప్రాంతాల్లో పంచనామా కాగితాల మీద "వాకీటాకీ" అనే మాట ఎంత తేలిగ్గా ఎక్కుతుందో, దాని వెనుక ఎలాంటి సెక్షన్లు వస్తాయో మనకు తెలుసు.

శాటిలైట్ ఫోన్లు: అనుమతి లేని తురాయా, ఇరిడియం ఫోన్లు దగ్గర ఉండటమే కేసు. విదేశాల నుంచి వచ్చే మన బంధువులకు కూడా చెప్పాలి.

కంప్యూటర్‌కి తగిలించే రిసీవర్లు: విమానాల స్థాన సంకేతాలు, వాతావరణ ఉపగ్రహాల చిత్రాలు అందుకోవడానికి ఇంజనీరింగ్ పిల్లలు వీటిని కొంటున్నారు. ఇది ప్రసారాలు వినే మామూలు రేడియో కాదు, కాబట్టి రేడియో పరికరం నిర్వచనంలో పడుతుంది. కాలేజీ ప్రయోగశాల పేరుతో, రాతపూర్వక అనుమతితో వాడటం మంచిది. దాన్ని పోలీసు ఫ్రీక్వెన్సీ వైపు తిప్పితే సంగతి మారిపోతుంది. అక్కడ 42వ సెక్షన్ కాచుకుని ఉంటుంది. అధికార రహస్యాల చట్టం 1923 కూడా పెట్టగలరు. మామూలు విద్యార్థి చేస్తే కుతూహలం అనుకునేదాన్ని, దళిత సంఘం కార్యకర్త చేస్తే కుట్ర అనడానికి ఎక్కువసేపు పట్టదు.

పక్కింటి వైఫై: తాళం లేకున్నా దాని మీద పోయే సమాచారాన్ని లాగి చూస్తే ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు వర్తిస్తాయి.

మరి టీకొట్టు దగ్గర విన్నది?

ఆ అమ్మాయి ఏ పరికరమూ వాడలేదు. ఏ తరంగాన్నీ అడ్డగించలేదు. సందేశం చేరాల్సిన సెట్టుకే చేరింది. కానిస్టేబుల్ దాన్ని నలుగురూ ఉన్న చోట గట్టిగా మోగనిచ్చాడు. ఆమె చెవులతో విన్నది. ఇది అడ్డగించడం కిందికి రాదన్నది నా అవగాహన. ఎక్కడ, ఏ సమయానికి, ఎవరెవరు ఉండగా విన్నారో అప్పుడే రాసుకుంటే, ఆమె ఆ మాట విన్న మనిషిగా సాక్ష్యం చెప్పగలదు. రిపోర్టులో "అన్నారు" అని కాకుండా "మేం విన్నాం" అని రాయడం మేలు.

ఇంకో ప్రశ్న వస్తుంది. అక్రమంగా రికార్డు చేసింది కోర్టులో చెల్లుతుందా? మన కోర్టులు ఇందులో కొంత విచిత్రంగా ఉంటాయి. మల్కానీ కేసులో 1972లో, పూరన్‌మల్ కేసులో 1973లో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ప్రకారం, సాక్ష్యం సంపాదించిన దారి తప్పుడుది అయినంత మాత్రాన సాక్ష్యం పనికిరాకుండా పోదు. అంటే ఆ రికార్డు కేసును నిలబెట్టొచ్చు, అదే సమయంలో రికార్డు చేసినవాణ్ని జైలుకు పంపొచ్చు. పైగా ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం ఇవ్వాలి. పరికరం ఎవరిదో, ఎలా రికార్డైందో అందులో సంతకం పెట్టి చెప్పాలి. దొంగతనంగా విన్నవాడు ఆ సంతకంతోనే దొరికిపోతాడు.

అమెరికాలో ఇదే ప్రశ్న వేరే మలుపు తీసుకుంది. అక్కడి 1934 కమ్యూనికేషన్ల చట్టం, 1986 ఎలక్ట్రానిక్ గోప్యత చట్టం ప్రైవేటు సంకేతాలు వినడాన్ని నిషేధించాయి. పెన్సిల్వేనియాలో టీచర్ల యూనియన్ నాయకుల సెల్‌ఫోన్ మాటల్ని ఎవరో అజ్ఞాతవ్యక్తి రికార్డు చేస్తే, ఒక రేడియో వ్యాఖ్యాత ప్రసారం చేశాడు. 2001లో బార్ట్‌నికి కేసులో అక్కడి సుప్రీంకోర్టు, అడ్డగించడంలో పాత్ర లేనివాడు ప్రజలకు సంబంధించిన విషయాన్ని బయటపెడితే శిక్షించలేమంది. బ్రిటన్‌లో 2006 వైర్‌లెస్ చట్టం 48వ సెక్షన్ వినడాన్నీ చెప్పడాన్నీ రెండిటినీ నేరమే అంటుంది. మన దగ్గర బార్ట్‌నికి లాంటి రక్షణ ఉందని నమ్మి ఎవరూ అడుగు వేయకూడదు.

రాజ్యం వింటున్నప్పుడు

మన జేబులో ఉన్న సెల్‌ఫోన్ కూడా రేడియోనే. అది మాట్లాడేది ప్రైవేటు సంకేతమే. దాన్ని ఎక్కువగా వినేది కుర్ర ఇంజనీర్లు కాదు, ప్రభుత్వాలు.

1996లో పౌరహక్కుల ప్రజాసంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు, ఫోన్ వినడం వ్యక్తి గోప్యతను భంగపరచడమేనని చెప్పి షరతులు పెట్టింది. హోం కార్యదర్శి స్థాయి అధికారి రాతపూర్వక ఆదేశం ఉండాలి, సమీక్ష కమిటీ చూడాలి, గడువు ఉండాలి. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అంది. 2024 డిసెంబర్‌లో కొత్త చట్టం కింద నియమాలు వచ్చాయి. ఇవన్నీ ఉన్నా కోర్టు ముందస్తు అనుమతి అనేది మన దేశంలో లేదు. వినమని ఆదేశించేదీ, ఆ ఆదేశం సబబేనా అని చూసేదీ అధికారులే. విన్నట్టు మనకు ఎవరూ చెప్పరు.

తెలంగాణలో 2024లో బయటపడ్డ ఫోన్ ట్యాపింగ్ కేసును ఈ వెలుగులో చూడాలి. ఇంటెలిజెన్స్ విభాగంలోని అధికారులే అనుమతి లేకుండా ఫోన్లు విన్నారని, ఆధారాలు ధ్వంసం చేశారని ఆరోపణ. కేసు సంగతి కోర్టులు తేలుస్తాయి. అందులో పెద్ద నాయకుల పేర్లు వచ్చాయి కాబట్టి అది వార్త అయింది. సంఘం పెట్టుకున్న పిల్లవాడి ఫోన్ వింటే అది వార్త కూడా కాదు.

చట్టం ఇచ్చిన దారి: లాగ్ అడగండి

చివరికి పోలీసు వైర్‌లెస్ ఎందుకు వినాలనుకుంటాం? పోలీసులకు ఎప్పుడు తెలిసింది, ఎప్పుడు కదిలారు, ఎవరు ఆపమన్నారు అన్నది తేలాలని. 1991 ఆగస్టు 6న చుండూరులో దాడి జరిగేనాటికి పోలీసులు ఊళ్లోనే ఉన్నారు. ఆనాటి నుంచి మన ప్రతి కేసులో ఇది మిగిలిపోయే ప్రశ్న. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ఆ వర్గాలకు చెందని అధికారి కావాలని విధులు నిర్లక్ష్యం చేస్తే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. ఆ నిర్లక్ష్యం రుజువు కావాలంటే సమయాలు కావాలి.

ఆ సమయాలు గాలిలోనే కాదు, కాగితం మీద కూడా ఉంటాయి. కంట్రోల్ రూమ్ సందేశాల లాగ్, 112 కాల్ రికార్డు, స్టేషన్ జనరల్ డైరీ. వీటిని అందుకునే పద్ధతి ఇది.

ఘటన జరిగిన వెంటనే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా, ఫలానా తేదీ ఫలానా గంటల మధ్య వైర్‌లెస్ లాగ్, ఆడియో, 112 కాల్ వివరాలు చెరపకుండా భద్రపరచమని కోరండి. రసీదు తీసుకోండి. తర్వాత లేవని చెప్పినా, ఈ కాగితమే మాట్లాడుతుంది.

సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని ఏడో సెక్షన్ అంటుంది. దర్యాప్తుకు అడ్డం వస్తుందని 8(1)(హెచ్) కింద నిరాకరించొచ్చు. ఎలా అడ్డం వస్తుందో కారణం రాయమని అప్పీలు చేయండి.

కేసు కోర్టులో ఉంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద ఆ రికార్డులు తెప్పించమని బాధితుల తరఫు న్యాయవాది పిటిషన్ వేయొచ్చు. అలా వచ్చిన లాగ్ మీద కోర్టు ముద్ర ఉంటుంది, దాన్ని తెచ్చినవారి మీద కేసు ఉండదు.

ఈ దారి నెమ్మదిగా సాగుతుందని తెలుసు. దరఖాస్తు కాగితం కంటే రిసీవర్ డబ్బా వేగంగా పనిచేస్తుంది. కానీ ఆ డబ్బా తెచ్చే సాక్ష్యంతో పాటు మన పిల్లల మీద ఒక కేసు కూడా వస్తుంది. అప్పుడు దాడి చేసినవాళ్ల సంగతి పక్కకు పోయి, విన్నవాళ్ల సంగతి ముందుకొస్తుంది. ఇలా జరగాలని కోరుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

ఆ శిబిరంలోని తమ్ముడికి నా జవాబు ఇది: ఆ రిసీవర్ కొనొద్దు. ఆ అమ్మాయికి జవాబు: రాయి. తేదీ, సమయం, చోటు వేసి, మీ పేర్లతో సంతకం చేసి రాయి. తర్వాత మీ ఇద్దరూ కలిసి ఎస్పీ ఆఫీసుకు పోయి ఆ రోజు లాగ్ భద్రపరచమని కాగితం ఇవ్వండి. వాళ్లు విన్నదీ మీరు విన్నదీ ఒకటేనో కాదో కోర్టులో తేలనివ్వండి.